బుడిపెల నివాసులకు నోటీసు

మా మట్టి స్వచ్ఛతా నియంత్రణ మండలిలో చట్టం ముందు అందరూ సమానమే. ఈ మాట ఆఫీసు గోడ మీద నీలం రంగుతో రాసి ఉంటుంది. దాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవారు నాకు తెలిసి ఒక్కరే, మా జాయింట్ డైరెక్టర్ నీలాచలం గారు. పెద్దవారికైనా చిన్నవారికైనా ఒకటే నోటీసు అనేవారాయన. ఎంత చిన్నవారి దాకా అని ఎవరూ అడగలేదు. అడగాల్సి వస్తుందని మేమెవరం అనుకోలేదు.

నా పేరు రాజలింగం. ఆ మండలిలో నోటీసులు అందజేసే ఉద్యోగం నాది, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మనిషి దొరికితే చేతికిచ్చి సంతకం తీసుకుంటాను. దొరక్కపోతే తలుపుకు అంటిస్తాను. తలుపు కూడా లేకపోతే డప్పు కొట్టించి, నలుగురి ముందు చదివి వినిపించి, పంచనామా రాసుకుని వస్తాను. ఈ మూడింటిలో ఏదో ఒక దానికి ఎంతటివాడైనా లొంగాల్సిందే. మనిషి కానివారికి ఎలా అందించాలో మాత్రం నాకు శిక్షణలో చెప్పలేదు.

శ్రావణమాసం మొదట్లో ఒక సోమవారం నీలాచలం గారు నన్ను పిలిపించారు. ఆయన ముందు దినపత్రిక పరిచి ఉంది. జిల్లా పేజీలో అడుగున ఒక చిన్న వార్త చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

"రాజలింగం, పద్నాలుగో నిబంధన చదువు" అన్నారు.

చదివాను. ఏ వ్యక్తి గాని, సంస్థ గాని, సమూహము గాని మండలి వారి ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా భార లోహములను సేకరించరాదు, నిల్వ ఉంచరాదు, వాటి రూపమును మార్చరాదు.

"ఇప్పుడు వార్త చదువు."

అదీ చదివాను. గోరెంకలపల్లిలో మూతపడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ పక్కన, సీసం ఇంకిన నేలలో ఈదమ్మ అనే రైతు జీలుగ అనే పచ్చిరొట్ట పైరు పెంచుతోందట. జీలుగ వేళ్ల మీది బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు ఆ సీసాన్ని పట్టి ఉంచుతున్నాయట. అందుకే మొక్కలు చావకుండా నిలబడ్డాయని పరిశోధనా కేంద్రం వారు చెప్పారట.

"సేకరించాయా?"

"సేకరించాయి సార్."

"నిల్వ ఉంచాయా?"

"ఉంచినట్టే ఉంది సార్."

"రూపం మార్చాయా?"

"కరిగే సీసాన్ని కరగని సీసంగా మారుస్తున్నాయని ఇక్కడ రాశారు సార్."

"అనుమతి?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను మూడు రిజిస్టర్లు తిరగేశాను. దరఖాస్తు కూడా చేసుకోలేదు."

ఇరవై రెండేళ్లలో నేను అడగకూడని ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఎందుకో నోరు జారింది. "మరి ఆ సీసం పోసిన ఫ్యాక్టరీ వాళ్లు, సార్?"

"వారికి స్థాపించడానికి అనుమతి ఉంది. నడపడానికి ఉంది. మూసివేయడానికీ ఉంది. వారి ఫైలంత చక్కటి ఫైలు ఈ జిల్లాలో లేదు" అన్నారు నీలాచలం గారు. ఆయన గొంతులో నిజమైన గౌరవం ఉంది.

ఆ సాయంత్రానికి నోటీసు తయారైంది. 'జీలుగ వేళ్ల బుడిపెల నివాసులకు, ఈదమ్మ గారి చేను, గోరెంకలపల్లి.' పదిహేను రోజుల్లో సంజాయిషీ చెప్పుకోకపోతే తగిన చర్య తీసుకోబడును అని కింద ఉంది. నేను బస్సెక్కాను.

ఈదమ్మ చేను వెతుక్కోవాల్సిన పని లేదు. ఫ్యాక్టరీ గోడ నుంచి వాగు దాకా భూములన్నీ బూడిద రంగులో పడి ఉన్నాయి. మధ్యలో రెండెకరాలు మాత్రం పచ్చగా, మోకాలెత్తు జీలుగతో ఉంది. గట్టు మీద అరవై ఏళ్ల మనిషి కూర్చుని ఉంది. పక్కనే పరిశోధనా కేంద్రంలో పనిచేసే నస్రీన్ అనే అమ్మాయి, చేతిలో నోటుబుక్కు, మోచేతుల దాకా మట్టి.

"ఎవలు గావాలె తమ్మీ?" అంది ఈదమ్మ.

"నీకు గాదక్కా. వేళ్లల్ల ఉంటరట గదా, వాళ్లకు నోటీసు తెచ్చిన."

ఆమె నస్రీన్ వైపు తిరిగింది. "బిడ్డా, సారు నీకోసమే వచ్చినట్టుండు. నాకైతే సమజ్ గాలే."

నస్రీన్ నోటీసు తీసుకుని మొత్తం చదివింది. నవ్వు ఆపుకోడానికి నోటుబుక్కు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒక మొక్కను మెల్లగా పీకి, వేళ్లు దులిపి నా ముందు పెట్టింది. వేళ్ల పొడుగునా ఆవగింజలంత, శనగలంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీల్చింది. లోపల గులాబీ ఎరుపు.

"ఇట్లా ఎర్రగా ఉంటే వాళ్లు పనిలో ఉన్నట్టు, సార్. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుపెట్టలేదని. వీళ్లు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తారు. బదులుగా మొక్క వీళ్లకు చక్కెర పెడుతుంది. సీసం వచ్చి తగిలితే వీళ్లు ఒక జిగురు ఊరించి అందులో బంధిస్తారు. దాంతో విషం ఆకుల దాకా పోదు. చాలా మటుకు వేళ్ల దగ్గరే ఆగిపోతుంది."

"ఎక్కడి నుంచి తెచ్చారమ్మా వీళ్లని?"

"ఈ నేలలోంచే. ఇంత సీసంలోనూ చావకుండా మిగిలినవాళ్లని ఏరి, పెంచి, పొడిగా చేసి ఇచ్చాం. ఈదమ్మ బెల్లం నీళ్లలో కలిపి విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి సాళ్లలో విత్తింది. ఇది మూడో ఏడు."

"నా సుట్టాలు తమ్మీ వాళ్లు" అంది ఈదమ్మ. "అందరు ఇడిసిపెట్టి పోయిన్రు. గిండ్ల ఉండి పనిజేసినోళ్లు వాళ్లొక్కరే."

అసలు సంగతి అప్పుడు తెలిసింది. మూడేళ్ల కిందట మా మండలే ఆ ఊళ్లో నలభై మూడు మంది భూముల్ని 'నిర్జీవ భూములు' అనే ముసాయిదా జాబితాలో పెట్టింది. మూడేళ్లలో మట్టిలో పంటకు అందే సీసం హద్దు లోపలికి దిగితే పేరు కొట్టేస్తారు. దిగకపోతే ఆ భూమి శాశ్వతంగా మండలి చెత్తమైదానంలో కలిసిపోతుంది. మిగతా నలభై రెండు మంది ఆశ వదులుకున్నారు. ఈదమ్మ వదులుకోలేదు. గడువు కార్తీకంతో ముగుస్తుంది.

"చేను తొంభై రోజులు నిలవాలి" అంది నస్రీన్. "ఇప్పుడే తీసేస్తే సీసం ఇంకా వేళ్లకు చేరలేదు, పరీక్షలో తప్పుతాం. పూత వచ్చాక వేళ్లతో సహా పీకి బయటికి పంపాలి. నేలలోనే వదిలేస్తే వేళ్లు కుళ్లి, పట్టిన సీసం మళ్లీ మట్టిలో కలుస్తుంది. అప్పుడూ తప్పుతాం."

"పీకినంక యాడ పడేయాలె?" అంది ఈదమ్మ. "మీ ఆఫీసుల పక్కాగ కట్టిన గుంత ఉన్నదంట గదా. రెండుసార్లు కాయితం పెట్టిన. పరిశ్రమ పేరు రాయమన్నరు. నాకేం పరిశ్రమ ఉన్నది? వాపసు పంపిన్రు. పోయిన రెండేండ్ల జీలుగంత గా మూలకు తాటిపత్రి కింద మూటగట్టి పెట్టిన. అప్పుడైతే నేను, నా మరదలు పీకినం. గీయేడు చేను దట్టంగ లేచింది, మరదలికి నడుం పట్టింది."

నేను విన్నాను. వినడం నా ఉద్యోగంలో భాగం కాదు. నా దగ్గర ఉన్నది ఒక్క నోటీసు. చేతికిద్దామంటే చేతులు లేవు, అంటిద్దామంటే తలుపు లేదు. ఉన్న ఒక్క బుడిపె చీలికకు అంటించబోతే కాగితం కింద అది కనపడకుండా పోయింది. అలాగే తిరిగి వచ్చి నీలాచలం గారికి చెప్పాను.

"మొత్తం ఎంతమంది?" అన్నారు.

"ఒక్కో బుడిపెలో కోట్ల మంది ఉంటారట సార్."

ఆయన ఉలిక్కిపడలేదు. "ప్రతి ప్రతివాదికీ ఒక ప్రతి అందాలి. సంఖ్య ఎక్కువైందని న్యాయం తక్కువ చేయలేము" అన్నారు. స్టోర్స్ విభాగానికి కాగితం కోసం లేఖ వెళ్లింది. తమ దగ్గర నాలుగు వేల ఠావులే ఉన్నాయనీ, మిగిలినవి వచ్చే ఆర్థిక సంవత్సరంలో పరిశీలిస్తామనీ వాళ్లు జవాబు రాశారు. ఆ ఉత్తరం అటూ ఇటూ తిరిగేసరికి పన్నెండు రోజులైంది. చివరికి డప్పు వేయించి చదవమని ఆదేశం ఇచ్చారు.

మర్నాడు గోరెంకలపల్లిలో డప్పు కొట్టే ఎల్లయ్య డప్పు మోగిస్తూ ఈదమ్మ చేను చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. నేను సాళ్ల మధ్య గొంతుక్కూర్చుని, తల వేళ్ల దగ్గరగా వంచి, నోటీసు మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా చదివాను. చదివాక కాసేపు ఆగాను, ఎవరైనా ఏమైనా చెప్పుకుంటారేమో అని. అది పద్ధతి.

"ఇంకింత గట్టిగ సదువు లింగన్నా" అన్నాడు ఎల్లయ్య. "లోపలోళ్లకు ఇనవడాలె."

ఇంకోసారి చదివాను. ఈదమ్మ సాక్షిగా వేలిముద్ర వేసింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. నేను మాత్రం నవ్వలేదు. పంచనామాలో 'ప్రతివాదులు శాంతముగా ఆలకించిరి' అని రాశాను.

పదిహేను రోజులు గడిచాయి. సంజాయిషీ రాలేదు. నీలాచలం గారు ఉత్తర్వు రాయబోతుండగా ఆయన మనస్సాక్షి అడ్డం పడింది. నస్రీన్‌ను పిలిపించి, నోటీసు విన్నవారే ఇప్పటికీ ఆ చేనులో ఉన్నారా అని అడిగారు.

"చెప్పడం కష్టం సార్" అంది ఆమె. అబద్ధం చెప్పే పిల్ల కాదు. "మట్టిలో ఉన్నవాళ్లు కొన్ని గంటలకోసారి ఒక్కరు ఇద్దరవుతుంటారు."

"ఆ ఇద్దరిలో మొదటివారెవరు?"

"ఇద్దరూ సార్. లేకపోతే ఇద్దరూ కాదు."

నీలాచలం గారు కుర్చీలో వెనక్కి వాలారు. నోటీసు అందుకున్నవారు లేరు. ఉన్నవారు నోటీసు అందుకోలేదు. అంటే వారసులను రికార్డు మీదికి తేవాలి. వారసత్వ ధ్రువపత్రం కోసం తహశీల్దారుకు లేఖ రాశారు. మరణించిన తేదీ తెలపనిదే ధ్రువపత్రం ఇవ్వలేమని తహశీల్దారు రాశాడు. మరణించలేదు, రెండుగా చీలారు అని మేము రాశాము. అయితే అది వారసత్వం కాదు, భాగపంపకం, రిజిస్ట్రేషన్ వారిని సంప్రదించవలసిందని ఆయన రాశాడు. రిజిస్ట్రేషన్ వారు హద్దులు అడిగారు. ఉత్తరాలన్నీ నేనే మోశాను. ఈ లోపల జీలుగ నడుం దాటి, నా భుజం దాకా వచ్చింది.

మోస్తున్నప్పుడు నాకు ఒక సంగతి తోచింది. మా ఆఫీసు నడిచే వేగం జీలుగకు సరిగ్గా సరిపోతోంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.

భాద్రపదంలో ఆపద వచ్చింది. లేఖలు తేలేలోగా నేరం కొనసాగుతున్నదీ లేనిదీ రోజూ పరిశీలించాలని నీలాచలం గారు తనిఖీ బృందాన్ని వేశారు. ఎర్రగా ఉంటే పనిలో ఉన్నట్టు అన్న నస్రీన్ మాట నేనే రిపోర్టులో రాశాను, బుద్ధిలేక. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు పొద్దున పది గంటలకు వచ్చి, ఇద్దరూ కలిసి వంద మొక్కలు పీకి, బుడిపెలు ఒక్కొక్కటే బ్లేడుతో కోసి, రంగు చూసి పట్టికలో నింపేవారు. 'ఎరుపు, విధుల్లో ఉన్నారు.' 'ఎరుపు, విధుల్లో ఉన్నారు.' మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకో వంద. నాలుగు రోజుల్లో ఎనిమిది వందల మొక్కలు పోయాయి. చేను నడుమ గదంత ఖాళీ పడింది.

ఐదో రోజు నేను వెళ్లేసరికి ఈదమ్మ ఆ ఖాళీలో కూర్చుని ఉంది. ఆమె ఏడవడం అదే మొదటిసారి చూశాను.

"తమ్మీ, పనిజేస్తున్నరా లేదా అని సూసుడు కోసం పనిజేసేటోళ్లనే కోస్తున్నరు. గిట్ల సూసుకుంట పోతే దసరా నాటికి నా చేన్ల ఏముంటది?"

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లుగా నేను ఇచ్చిన నోటీసులన్నీ ఒకేసారి నా సంచిలో బరువెక్కినట్టయింది. ఆ సాయంత్రం నేరుగా నీలాచలం గారి గదికి వెళ్లాను.

"సార్, విచారణ పూర్తి కాకుండా ప్రతివాదులను మనమే చంపుతున్నట్టుంది."

"అంటే?"

"బుడిపె కోస్తే లోపలివారు బతకరు సార్. ఇప్పటిదాకా పోయినవారు ఎన్ని వేల కోట్లో లెక్క లేదు. అందరూ మన అధీనంలో ఉండగానే పోయారు."

ఆయన ముఖం తెల్లబోయింది. ఆయన మంచి మనిషి, అది చెప్పి తీరాలి. వెంటనే కాగితం తీసి తన చేత్తోనే ఆదేశం రాశారు. 'ప్రతివాదుల ప్రాణ రక్షణ దృష్ట్యా, తుది ఉత్తర్వులు వెలువడు వరకు సదరు చేనులోని ఏ మొక్కను గాని, వేరును గాని, బుడిపెను గాని ఎవరూ తాకరాదు. పశువులు సైతం ప్రవేశించరాదు. ఇద్దరు కాపలాదారులను నియమించడమైనది.'

ఆ కాపలాదారులు మిగిలిన రోజులన్నీ మేకల్ని తరిమారు. ఈదమ్మ వాళ్లకు మజ్జిగ పోసేది. అంత భద్రత ఆ జిల్లాలో ఏ పంటకూ దొరకలేదు.

ఎనభై ఆరో రోజున పసుపు రంగు పూత కనపడింది. అదే రోజు విచారణ తేదీ నిర్ణయమైంది. ప్రతివాదులు ప్రయాణం చేయలేరు కాబట్టి విచారణ చేను దగ్గరే పెట్టారు. షామియానా, బల్ల, ఆకుపచ్చ గుడ్డ, నీలాచలం గారు. బయలుదేరే ముందు ఆయన నాతో తన ఆలోచన చెప్పారు. శిక్ష మరీ కఠినంగా ఉండకూడదు, చేనుకు నాలుగు వైపులా సీలు వేసి అలాగే వదిలేద్దాం, వారంతట వారే కార్యకలాపాలు ఆపేస్తారు అని. వదిలేస్తే వేళ్లు నేలలోనే కుళ్లుతాయి.

ఈదమ్మకు ఆ మాట చెప్పాను. ఆమె నస్రీన్‌ను చూసింది. నస్రీన్ బల్ల మీది నిబంధనల పుస్తకం తెరిచి చూపించింది. పద్నాలుగో నిబంధన కింద మూడు శిక్షలున్నాయి. మొదటిసారి నేరమైతే సీలు. నేరం సంవత్సరాల తరబడి సాగి, నిల్వ భారీగా ఉంటే మూడోది. అందులో 'నిల్వ చేసిన లోహమును, నిల్వ చేసిన స్థానముతో సహా స్వాధీనపరచుకుని, మండలి భద్రతా గుంతకు తరలించవలెను' అని ఉంది.

"అంటే తప్పు ఎంత పెద్దగుంటే అంత మంచిది" అంది ఈదమ్మ.

"అంతే అమ్మా. కానీ ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి."

ఈదమ్మ చేను వైపు తిరిగింది. "నాకోసం మూడేండ్లు కష్టపడ్డోళ్ల మీద నేనే సాచ్చెం జెప్పాల్నా బిడ్డా" అంది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకుని షామియానా కిందికి వెళ్లింది.

పద్ధతి ప్రకారం నేను చేను వైపు తిరిగి మూడుసార్లు పిలిచాను. "జీలుగ వేళ్ల బుడిపెల నివాసులు హాజరా?" గాలికి జీలుగ ఊగింది. గైరుహాజరు అని రాసుకున్నారు. తర్వాత ఈదమ్మను పిలిచారు.

"నీ చేనులో ఉన్నవారు సీసాన్ని సేకరించినట్టు నీకు తెలియునా?"

"తెలుసు సారూ. దినాం జేసిన్రు. రాత్రి పగలు జేసిన్రు."

"ఇది ఎంతకాలంగా జరుగుతున్నది?"

"మూడేండ్ల సంది. ఒక్క దినం గూడ నాగా పెట్టలే."

నీలాచలం గారి కలం ఆగింది. "మొదటిసారి నేరం కాదా?"

"ఏడ మొదటిసారి సారూ. పోయినేడు దాసిపెట్టిన సరుకు, ముందటేడుది, గా తాటిపత్రి కింద మూటలల్ల ఉన్నది. సూసుకోండ్రి. గీయేడుది మొత్తం వేళ్లల్లనే ఉన్నది. పై కొమ్మలల్ల ఏం లేదు, వెతికినా దొరకది. వేళ్లు ఇడిసిపెట్టి పోతే మీకు ఏం చిక్కది."

"నీవు వారిని వారించలేదా?"

"నేనే సోపతి జేసిన సారూ. బెల్లం నీళ్లు పోసి పిలుచుకున్న." ఆమె చేను వైపు చేయి చాపింది. "గింత మంచిగ పనిజేసేటోళ్లను నేను ఏడ సూడలే. గది గూడ రాసుకోండ్రి."

అది కూడా రాసుకున్నారు. 'ప్రతివాదులు అత్యంత నైపుణ్యముతో నేరమునకు పాల్పడిరి.'

తీర్పు మూడో శిక్ష. తొంభయ్యో రోజు పొద్దున్నే మండలి నుంచి ముప్పై ఐదు మంది కూలీలు, చేతి తొడుగులు, రెండు ట్రాక్టర్లు, పైకప్పున్న లారీ వచ్చాయి. ఒక్క వేరు తెగి నేలలో మిగిలినా బాధ్యులపై చర్య అని నీలాచలం గారు హెచ్చరించారు. కూలీలు ఒక్కొక్క మొక్కనూ గడ్డపారతో చుట్టూ వదులు చేసి, వేళ్లు తెగకుండా పైకి తీసి, మట్టి దులిపి, సంచుల్లో కట్టి, సీలు వేసి లారీలో ఎత్తారు. పాత మూటల్ని 'పూర్వ నేరముల సాక్ష్యము' అని చీటీ కట్టి తీసుకెళ్లారు. ఆ పనికి నెల రోజులు పడుతుందనీ, తనకు ఎన్నటికీ కాదనీ ఈదమ్మ అనుకుంది. ఒక్క రోజులో అయింది.

సాయంత్రం కూలీలు చేతులు కడుక్కుంటుంటే ఆమె నీలాచలం గారి దగ్గరికి వచ్చింది.

"సారూ, గా వాగు దిక్కు మూలకు కొందరు దాక్కున్నరు. సూసిన్రా?"

ఆయన వెంటనే కూలీలను వెనక్కి పిలిచారు. ఆ మూలన నాలుగు సాళ్లు మిగిలిపోయాయి. టార్చిలైట్లు వేసి మరీ పీకించారు. వెళ్లేముందు ఈదమ్మ చేయి పట్టుకుని, నీలాంటి బాధ్యతగల పౌరులు ఉంటే మండలికి పని సులువవుతుంది అన్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. నా కళ్లూ అంతే, కారణం వేరు.

లారీ పోయాక ఈదమ్మ ఖాళీ చేనులో వంగి పిడికెడు మట్టి తీసుకుంది. "అందరు పోలేదు గదా బిడ్డా?"

"లేదమ్మా" అంది నస్రీన్. "మట్టిలో ఉన్నవాళ్లు ఉన్నారు. కోట్లలో."

"మెల్లగ జెప్పు" అంది ఈదమ్మ నా వైపు చూసి.

నేను ఫ్యాక్టరీ గోడ వైపు తిరిగి ఏదో రాసుకుంటున్నట్టు నిలబడ్డాను.

కార్తీకంలో మట్టి పరీక్షించారు. పంటకు అందే సీసం హద్దు లోపలికి వచ్చింది, పెద్ద తేడాతో కాదు, కానీ వచ్చింది. నిర్జీవ భూముల జాబితాలోంచి ఈదమ్మ పేరు కొట్టేశారు. కారణం అన్న గడిలో 'మండలి తీసుకున్న కఠిన చర్యల ఫలితముగా' అని రాశారు. ఆ ఫైలు చూపించి నీలాచలం గారు రాష్ట్ర స్థాయి సమావేశంలో మాట్లాడి వచ్చారు. ఈ ఏడు తిండి పంట వద్దు, ఆముదాలు వేసి, వచ్చే ఏడు మళ్లీ పరీక్ష చేయించి అప్పుడు చూద్దామని నస్రీన్ చెప్పింది. మూడేండ్లు ఆగినదాన్ని ఇంకొకటి ఆగనా అంది ఈదమ్మ. నాకు చాలా సంతోషమేసింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరి మీదా విసుక్కోలేదని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

మిగిలిన నలభై రెండు మంది భూముల గడువు కూడా అయిపోయింది. అయితే మా నిబంధనల్లో ఇంకొకటి ఉంది. కేసు నడుస్తున్న భూమిని జాబితాలో ఖరారు చేయకూడదు. ఈ సంగతి గోరెంకలపల్లికి ఎవరు చేరవేశారో నేను చెప్పను.

మాఘమాసంలో ఒక పొద్దున ఆఫీసు తాళం తీసేసరికి మెట్ల మీద నలభై రెండు మంది కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో మట్టితో సహా పీకిన ఒక్కో జీలుగ మొక్క. వేళ్లకు బుడిపెలు. వాగు నీళ్లు పెట్టి పెంచారట, విత్తనాలకు బెల్లం నీళ్లు పట్టించిందీ దగ్గరుండి చూపించిందీ ఈదమ్మేనట. తమ చేలలో కూడా సీసం పోగేస్తున్నారనీ, వెంటనే నోటీసు ఇవ్వాలనీ ఫిర్యాదులు రాసుకొచ్చారు. నీలాచలం గారు ఒక్కొక్క బుడిపెనూ భూతద్దంతో చూసి, నేరం ఇంతగా వ్యాపించిందా అని తల పట్టుకున్నారు. ఊరంతా కలిసి చేసిన నేరం కాబట్టి మొదటిసారి అని చూడకుండా అందరి మీదా మూడో శిక్షే పడేలా చూస్తానని మాటిచ్చారు.

వరసలో చివర బక్కయ్య అనే ముసలాయన మిగిలాడు. ఆయన మొక్క చిన్నది. బుడిపె చీల్చి చూస్తే లోపల తెల్లగా ఉంది. ఆయన నా చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

"లింగం సారూ, నేను ఆలస్యంగ ఇత్తిన. మా చేన్ల నేరం ఇంక మొదలు గాలే. రెండు వారాలు ఆగి వస్తవా?"

డైరీ తీసి ఆయన పేరు రాసుకున్నాను. రెండు వారాల తర్వాతి తేదీ వేసి, పక్కన 'డప్పు' అని కూడా రాశాను.